ప్రాంప్టరుకి కుర్చీ

"వేళకో మాట" యాపు తయారుచేసే ఆఫీసువారికి,

నమస్కారం. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ యాపు మాత్రం క్షేమంగా లేదు, అందుకే ఈ ఉత్తరం.

మీ ఫిర్యాదుల పెట్టెలో మూడొందల అక్షరాలకి మించి పట్టవట. నా కోపం అందులో పట్టదు. అందుకని మీ యాపు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న చిరునామా వెతుక్కుని, కాగితం మీద రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. నాటకాల కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రాంప్టరుగా పనిచేశాను. ఈ కాలంవాళ్లకి తెలీదేమో, ప్రాంప్టరంటే పక్కతెర చాటున పుస్తకం పట్టుకుని నిలబడి, వేదిక మీద ఎవరైనా మాట మర్చిపోతే మెల్లిగా అందించేవాడు. "నిలబడి" అన్నాను, గమనించండి. అన్నేళ్లలోనూ మా యజమాని నాకు కుర్చీ వేయించలేదు. "కూర్చుంటే నిద్రపోతావు" అనేవాడు. కంపెనీలో సింహాసనాలు నాలుగుండేవి. నాకు ముక్కాలిపీటకి కూడా దిక్కులేదు.

మా ఆవిడ అదే కంపెనీలో రాణి వేషాలు వేసేది. అందరూ రాణీగారనే పిలిచేవారు, ఇప్పటికీ నేనూ అలాగే పిలుస్తాను. కిందటేడు పెద్దాసుపత్రిలో డాక్టరు మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఇది మతిమరుపు జబ్బు, మెల్లిగా పెరుగుతుంది, ఇంట్లో మనిషి పక్కనుండి వేళకి ఒక్కో పనీ గుర్తుచేస్తూ ఉండాలి అన్నాడు. పాపం రాణీగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. బయటికొచ్చాక నేనే ఆవిడ చెయ్యి పట్టుకుని, "భయపడకు, నీకు మాట అందించడం నాకు కొత్తా?" అన్నాను.

ఆ రోజునుంచి ఒక నోటుబుక్కు పెట్టాను. ఎన్నింటికి ఏం చెయ్యాలో అందులో ఉంటుంది. పొద్దున్న పాలు, ఎనిమిదింటికి తెల్లమాత్ర, మధ్యాహ్నం తలుపు గడియ, సాయంత్రం కొళాయి. వేళకి నేను అందిస్తాను, ఆవిడ చేస్తుంది. కానీ నేనూ డెబ్భై దాటినవాణ్ణే. రేపు నేను లేకపోతే ఆవిడకి మాట అందించేదెవరు? నాకున్న దిగులు అదొక్కటే. అందుకని మాటలన్నీ నా గొంతుతో మీ యాపులో రికార్డు చేశాను. పొద్దున్న ఫోను ఆన్ చెయ్యగానే, ఎవరూ ముట్టుకోకుండా, దానంతట అదే వెనకాల లేచి కూర్చుని వేళకి పలుకుతుందని మీరే రాశారు.

వారం రోజులు పలికింది. తరవాత మూగబోయింది. ఫోను ఆన్ చేస్తాం, పాలు పెడతాం, చెవులు రిక్కించుకుని నిలబడతాం. ఉలుకూ పలుకూ ఉండదు. చివరికి నేనే నోటుబుక్కు తీస్తున్నాను. దీనికోసమా మీ యాపు?

ఇట్లు,
తెరచాటు మనిషి

తా.క.: లోపం చార్జరులో ఉందేమోనని అనుమానం. చార్జరు కూడా ఈ కవరులోనే పెట్టాను. చూసి పంపగలరు.

*

గౌరవనీయులైన వినియోగదారు గారికి,

మీ ఉత్తరం చేరింది. కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నాము.

మా యాపు పనిచేసే తీరు ఇది. ఫోను ఆన్ కాగానే "నేను లేచాను" అని లోపలున్న యాపులన్నిటికీ ఫోను ఒక కబురు పంపుతుంది. ఆ కబురు అందుకుని మా యాపు తన పనివాణ్ణి లేపి వెనకాల కూర్చోబెడుతుంది. ఆ పనివాడు రోజంతా గడియారం చూసుకుంటూ వేళకి మీ రికార్డు వినిపిస్తాడు. మీరు యాపు తెరిచి "రిపోర్టు పంపు" నొక్కినందువల్ల మీ రికార్డులు కూడా మాకు అందాయి. అన్నీ విన్నాము. రెండు లోపాలు దొరికాయి.

మీ రికార్డులన్నీ రెండు మాటల దగ్గరే తెగిపోతున్నాయి. ఉదాహరణకి "పాలు... పొంగు..." అని ఆగిపోతోంది. "తెల్ల... మాత్ర..." తరవాత ఏమీ లేదు. మైకు పాడై ఉండవచ్చు. పైగా గొంతు చాలా తక్కువగా ఉంది, గుసగుసలాగా వినిపిస్తోంది. కొత్త వెర్షనులో మీ గొంతుని పూర్తి స్థాయికి పెంచాము. దయచేసి వేసుకోగలరు.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క.: కవరులో చార్జరు లేదు. టీ చెంచా ఉంది. మా పరీక్షలో చెంచాకి ఏ లోపమూ లేదు. తిరిగి పంపుతున్నాము.

*

ఫిర్యాదుల విభాగం వారికి,

నమస్కారం పెట్టాలని లేదు గానీ, అలవాటు కొద్దీ పెడుతున్నాను.

రెండు మాటల దగ్గర తెగిపోయిందా? నా మైకు పాడైందా? అయ్యా, ప్రాంప్టరు రెండు మాటలే అందిస్తాడు. మూడో మాట నటి నోట్లోంచి రావాలి. వాక్యమంతా అప్పగిస్తే ఆవిడ నటి ఎందుకవుతుంది, చిలకవుతుంది. రెండు మాటలతో మిగతాది తనంతట తనకి గుర్తొచ్చిందనుకోవాలి. అందులోనే ఉంది మర్యాదంతా. ఈ విద్య నాకు నేర్పిన పెద్దాయన పొరపాటున మూడో మాట అందించిన రోజు భోజనం మానేసేవాడు.

ఇక గుసగుస సంగతి. ప్రాంప్టరు అరిస్తే మొదటి వరస నవ్వుతుంది, ఆఖరి వరస కూడా నవ్వుతుంది. మీరు పెంచిన గొంతు నిన్న పొద్దున్న ఆరున్నరకి విన్నాం. మాట అందించడం కాదది, పిడుగుపాటు. రాణీగారి చేతిలో గ్లాసు కింద పడింది. పై వాటావాళ్లు వాళ్ల స్టవ్ కట్టేసుకుని మరీ కిందికి పరిగెత్తుకొచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఎవరికీ వినపడని గొంతు నాది. మీ పుణ్యమా అని వీధంతా విన్నది.

ఈ రోజు పొద్దున్న మళ్లీ యథాప్రకారం మౌనం.

ఫోను పంపే కబురు గురించి రాశారు. అది నాకు మీకన్నా బాగా తెలుసు. మా కంపెనీలో తెర లేచేముందు మూడో గంట కొట్టేవారు. ఆ గంట వినగానే నేను పక్కతెర చాటున పుస్తకం తెరిచేవాణ్ణి. నన్నెవరూ పిలిచేవారు కాదు, గంటే పిలుపు. మూడో గంట కొట్టాక నేను లేవని రోజు లేదు. మీ పనివాడికేమొచ్చింది? గంట మోగుతోంది కదా, ఎందుకు లేవడు?

ఇట్లు,
ఎవరికీ వినపడకూడని మనిషి

తా.క.: చెంచా పెట్టింది మా ఆవిడే అయ్యుండాలి. జబ్బు ఎంత దూరం వచ్చిందో చూశారా? చార్జరు చెంచాల డబ్బాలో దొరికింది. ఆవిణ్ణి ఏమీ అనలేదు.

*

ప్రాంప్టరు గారికి,

నమస్కారం. గొంతు మళ్లీ తగ్గించాను. రెండు మాటల సంగతి తెలియక అలా రాశాను, క్షమించండి. ఇప్పుడు మళ్లీ విన్నాను. "పాలు... పొంగు..." అనగానే నేనే గబుక్కున లేచాను. ఆఫీసులో పాలు లేవు, స్టవ్ లేదు, అయినా లేచాను. మీ విద్య పనిచేస్తుందండీ.

ఇంకో మాట. మీరు "అయ్యా" అని రాశారు. నేను అయ్యని కాదు, అమ్మాయిని. విభాగం అంటే నేనొక్కదాన్నే. ఫిర్యాదులు చదివేదీ నేనే, జవాబు రాసేదీ నేనే, సరిచేసేదీ నేనే. ప్రింటరుకీ గోడకీ మధ్య నా బల్ల. మా ఆఫీసులో చాలామందికి నేనున్నట్టు తెలియదు.

మీ పనివాడు లేవకపోవడానికి కారణం దొరికిందనుకుంటున్నాను. వెనకాల దాక్కుని పనిచేసే యాపులు కొన్ని ఫోను చార్జింగంతా తినేస్తున్నాయని, ఫోన్లు చేసేవాళ్లు ఒక నియమం పెట్టారు. ఇకమీదట ఎవరూ కనపడకుండా పనిచెయ్యడానికి వీల్లేదు. పనివాడు లేస్తే, తానున్నట్టు తెరమీద పైన ఒక వరస రాసి చూపించి తీరాలి. మన యాపు చూపించట్లేదు, అందుకే ఫోను వాణ్ణి గెంటేస్తోందేమో. కొత్త వెర్షనులో ఆ వరస పెట్టాను. ఏం రాయాలో నన్నే చూసుకోమన్నారు. "ప్రాంప్టరు గారు పనిలో ఉన్నారు" అని మీ ఫోనుకి మాత్రం ప్రత్యేకంగా రాశాను.

ఉంటాను,
ఫిర్యాదుల అమ్మాయి

తా.క.: మీకు కుర్చీ వెయ్యలేదని చదివి బాధపడ్డాను. నాకు వేశారు గానీ దానికో చక్రం లేదు. ఎడమవైపు వాలకుండా కూర్చోవడం నేర్చుకున్నాను.

*

అమ్మాయీ,

ఆడపిల్లవని తెలిశాక కోపం సగం తగ్గింది. మిగతా సగం ఇదిగో.

నన్ను తెరమీద పెట్టావా? "ప్రాంప్టరు గారు పనిలో ఉన్నారు" అని నలుగురికీ కనపడేలా రాశావా? తల్లీ, కనపడితే ఇంక ప్రాంప్టరేమిటి?

నేను ఒకే ఒక్కసారి కనపడ్డాను. పక్కతెర తాడు తెగి పడిపోయింది. నిండు సభలో, తలకి తువ్వాలు, చేతిలో పుస్తకం, నోట్లో సగం మాట. జనం చప్పట్లు కొట్టారు. యజమాని పళ్లు నూరుతున్నాడు. రాణీగారు సింహాసనం మీంచి ఒక్కసారి నా వైపు తిరిగి, "మంత్రీ! శాసనం చదవడం ఆపావేం?" అంది. నాటకంలో లేని మాట. నేను నా పుస్తకంలో ఆవిడ మాటలే గట్టిగా చదివాను, ఆవిడ తల ఊపుతూ విన్నది. జనం అదే నాటకం అనుకున్నారు. ఆ రాత్రి నా ఉద్యోగం పోవలసింది, పోలేదు. ఆ నెల్లోనే పెళ్లి చేసుకుందామని అడిగాను. అడగడానికి కూడా రెండు మాటలే అన్నాను, మిగతాది ఆవిడే పూర్తిచేసింది.

అలాంటి మనిషి ఈవేళ రోజు ఏమిటని నాలుగుసార్లు అడుగుతోంది, అమ్మాయీ. టీలో ఉప్పు వేస్తోంది. నేను తాగేస్తున్నాను.

నీ వరస పైన కనపడుతూనే ఉంది, పెట్టిన రోజు. మాటా వినపడింది. ఆ సాయంత్రం ఆవిడ ఆ వరసని చాలాసేపు చూసి "ఇంకా పనిలోనే ఉన్నారా?" అని అడిగింది. మర్నాడు వరసా లేదు, మాటా లేదు. మళ్లీ నేనే నోటుబుక్కు తీశాను.

నీ వయసెంతమ్మా? చక్రం లేని కుర్చీ వేసినవాళ్ల దగ్గర నువ్వెందుకు పనిచేస్తున్నావు?

ఇట్లు,
మంత్రి (ఒక్కరోజు)

తా.క.: ఈ ఉత్తరం రెండుసార్లు వస్తే ఒకటి చింపెయ్యి. పోస్టు చేశానో లేదో మా ఆవిడని అడిగితే గుర్తులేదంది.

*

తాతగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు వచ్చింది. చింపలేదు. మూడూ దాచుకున్నాను. నా వయసు ఇరవై ఆరు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు పంపిన రిపోర్టులు పదకొండు అందాయి. అన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. యాపు తప్పు కాదు, ఫోను తప్పు కాదు. ఎవరో ఆపుతున్నారు.

ఫోనులో "బలవంతంగా ఆపు" అని ఒక మీట ఉంటుంది. అది నొక్కితే యాపు నిద్రపోవడం కాదు, దాని చెవులు కూడా మూసుకుపోతాయి. మర్నాడు ఫోను ఆన్ చేసినా, ఆ కబురు మన యాపుకి చేరదు. మనిషి చేత్తో ఒకసారి యాపు తెరిచేదాకా అది ఏ గంటా వినదు. మీరు రిపోర్టు పంపడానికి యాపు తెరిచిన రోజు అది పలకడానికీ, మర్నాడు పలకకపోవడానికీ కారణం ఇదే.

యాపు తెరిచిన ప్రతిరోజూ సాయంత్రం ఏడూ పది ప్రాంతంలో ఎవరో ఆపినట్టు రిపోర్టులో ఉంది. ఆ మీట పైపైన ఉండదు. సెట్టింగుల్లోకి వెళ్లి, యాపుల జాబితాలోకి వెళ్లి, మన యాపులోకి వెళ్లి, అక్కడ నొక్కితే "నిజంగా ఆపాలా?" అని అడుగుతుంది. "అవును" అనాలి. నాలుగు గదులు దాటి లోపలికెళ్లి చేసే పని. చెయ్యి తగిలి జరిగేది కాదు. ఇంట్లో ఎవరు నొక్కుతున్నారో ఒక్కసారి చూడండి.

ఉంటాను,
ఫిర్యాదుల అమ్మాయి

తా.క.: టీలో ఉప్పు వేస్తే తాగకండి తాతగారూ, మీకు బీపీ ఉంటుందేమో.

*

ఫిర్యాదుల విభాగానికి,

ఆలోచించాను. మా ఇంట్లో మేమిద్దరమే. నేను నొక్కలేదు. రాణీగారికి తాను పెట్టిన కళ్లజోడే కనపడదు, నాలుగు గదులు దాటి వెళ్లి నొక్కి, మళ్లీ "అవును" కూడా అంటుందా? కాబట్టి నొక్కుతున్నది మీ ఆఫీసులోంచే. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది నీ జవాబు.

జబ్బుమనిషి మీదికి నెపం నెడతావా? ఆవిడ ఎదురు చెప్పలేదనేనా? నీ పైఅధికారికి ఈ రోజే ఉత్తరం రాశాను. ఇలాంటి మనిషిని పనిలో ఉంచవద్దని రాశాను.

ఇట్లు,
వినియోగదారు

తా.క.: తాతగారేమిటి? మీ నాన్న వయసెంత? కావాలంటే పెదనాన్నా అని పిలువు. అదీ ఈ గొడవ తేలాకే.

*

పెదనాన్నగారికి,

గొడవ తేలకుండానే పిలుస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఇదే ఆఖరి అవకాశం కావచ్చు.

మీ ఉత్తరం మా యజమాని చదివారు. నన్ను అందరి ముందుకీ పిలిచారు. రెండున్నరేళ్లుగా పనిచేస్తున్నా, నా ముఖం ఆయన చూడడం అదే మొదటిసారి. "ఈ విభాగంలో మనిషి ఉందా?" అన్నారు. ఒక ముసలాయనకోసం ఇన్ని ఉత్తరాలేమిటని అడిగారు. ఇంకో ఫిర్యాదు వస్తే వేరే ఉద్యోగం చూసుకొమ్మన్నారు. నా బల్ల దగ్గరికి తిరిగొచ్చి కూర్చున్నాను. ఎడమవైపు వాలిపోయాను. ఏడుపొచ్చింది.

నేను నొక్కలేదు. ఇక్కడినుంచి నొక్కడానికి కుదరదు కూడా. మీ ఆవిడగారి మీద నెపం పెట్టాలన్న ఉద్దేశం అసలే లేదు. మీ గొంతు ఆవిడకి అందాలనే నా తాపత్రయం.

ఎప్పుడైనా మళ్లీ మూగబోతే ఇలా చెయ్యండి. మన యాపు గుర్తు, ఆ పచ్చ గంట బొమ్మ మీద వేలు పెట్టి ఒక్కసారి తెరవండి. అంతే, దాని చెవులు తెరుచుకుంటాయి. ఆ తరవాత ఎవరూ ఆపకపోతే, మర్నాడు ఫోను ఆన్ కాగానే దానంతట అదే లేస్తుంది. ఈ ముక్క చించి ఫోను పక్కన గోడకి అంటించుకోండి.

ఉంటాను,
అమ్మాయి

తా.క.: మీ మీద కోపం లేదు. ఉంటే మూడొందల అక్షరాల్లోనే రాసేదాన్ని.

*

అమ్మాయీ,

నోరు జారాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ముప్ఫై ఒక్క ఏళ్లు అందరికీ చెప్పినవాణ్ణి నేను. మీ యజమానికి ఇంకో ఉత్తరం రాశాను. తప్పు నాదని రాశాను. ఆ పిల్లకి చక్రాలన్నీ ఉన్న కుర్చీ వేయించమని కూడా రాశాను.

నిన్న సాయంత్రం గుమ్మం పక్కన నిలబడ్డాను. నిలబడడం నాకు అలవాటేగా. ఏడూ పదికి రాణీగారు ఫోను తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుంది. వేలు తడబడలేదు. నాలుగు గదులూ దాటింది, నొక్కింది, ఫోను బల్లమీద పెట్టి కొంగుతో తుడిచింది. నేను లోపలికెళ్లి "ఎందుకు ఆపావు?" అని అడిగాను. తల వంచుకుని "ఏమో, గుర్తులేదు" అంది.

మాట మర్చిపోయిన రాణీగారు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మాట దాచుకున్న రాణీగారు ఎలా ఉంటుందో కూడా తెలుసు. కానీ ఏ మాట అందించాలో నాకు తెలియలేదు. నోటుబుక్కు తీసి చూశాను. అందులో ఆ వేళకి ఏమీ రాసి లేదు. అక్షరాలు నావేనా అని

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ యాపు మాత్రం క్షేమంగా లేదు, అందుకే ఈ ఉత్తరం. ముందు నేనెవరో చెప్పాలి. నేను నాటకాల కంపెనీలో

ఇట్లు,
తెరచాటు మనిషి

తా.క.: ఈ ఉత్తరం ఎవరికో పైన రాశాను. చూసుకోండి.

*

పెదనాన్నగారికి,

మీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి మూడు నెలలైంది. రిపోర్టులూ రావడంలేదు. యాపు ఎలా ఉందని అడగడానికి కాదు, మీరెలా ఉన్నారని అడగడానికి రాస్తున్నాను.

మా యజమానికి మీరు రాసిన రెండో ఉత్తరం ఆయన రెండుసార్లు చదివారట. వారం తిరక్కుండా కొత్త కుర్చీ వచ్చింది. చక్రాలు అయిదు. లెక్కపెట్టుకున్నాను.

ఒక్క ముక్క రాయండి. రెండు మాటలైనా చాలు.

మీ
అమ్మాయి

తా.క.: పెద్దమ్మగారికి నమస్కారాలు. గుర్తుండకపోయినా చెప్పండి.

*

ఫిర్యాదుల అమ్మాయికి రాణీగారు దీవించి రాస్తోంది.

నీ నమస్కారాలు అందాయమ్మా. గుర్తున్నాయి. నాకు అన్నీ గుర్తున్నాయి.

నీ ఉత్తరాలు ఒక్కొక్కటీ వచ్చినప్పుడు ఆయన పైకి చదివేవారు, నేను వినేదాన్ని. నావల్ల నువ్వు నలుగురిలో మాటపడ్డావు. ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పడానికి అడ్డమేమీ మిగల్లేదు.

ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది నా గురించి కాదు, ఆయన గురించి. ఆయన ముఖంలోకి చూస్తూనే చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నారు, తల ఊపారు, బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని "భయపడకు" అన్నారు. మొదట తమాషాకన్నారనుకున్నాను. కాదు. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆయన పుస్తకంలో ఉన్న ఒక్క మాట కూడా ఆయనది కాదు. ఏ మాట చెవిన పడ్డా అది వేదిక మీదున్నవాళ్లదే, అందించడం వరకే తన పని. ఆ జబ్బు మాట కూడా అలాగే నాకు అందించారు. నేను ఏం చెయ్యను? అందుకున్నాను.

వేషం వేశాను. ఈవేళ ఏ రోజని ఆయన నాలుగుసార్లు అడిగేవారు, నేను నాలుగుసార్లు చెప్పేదాన్ని. అయిదోసారి నేనే ముందుగా అడిగేదాన్ని, ఆయన క్యాలెండరు చూసి గర్వంగా చెప్పేవారు. నీకు చెంచా పంపింది ఆయన. చార్జరు చెంచాల డబ్బాలో పెట్టింది ఆయన. టీలో ఉప్పు మాత్రం నేనే వేశాను. ఒకటిరెండు తప్పులు నావి కూడా ఉండకపోతే వేషం రక్తికట్టదు. పాపం, అదీ తాగేశారు.

ఇది నాకు కొత్త కూడా కాదు. మా యజమాని ఒకసారి, "ఈ రాణికి ఒక్క మాటా తప్పదు, ఇంక ప్రాంప్టరు దండగ" అన్నాడు. ఆయన వినలేదు, నేను విన్నాను. ఆ మర్నాటినుంచి ప్రతి నాటకంలోనూ రెండో అంకంలో ఒకచోట మూడు ఊపిరులసేపు ఆగేదాన్ని. పక్కనుంచి రెండు మాటలు వచ్చేవి. అందుకుని సాగేదాన్ని. నన్ను కాపాడానని ఆయన ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవారు. జీవితంలో నేను నిజంగా మాట మర్చిపోయింది ఒక్కసారీ లేదు. ఈ సంగతి ఆయనకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు. చెప్పినా ఇప్పుడు ఏం ప్రయోజనం లేదులే.

యాపు ఎందుకు ఆపానంటావా? అది పలికిన మొదటి వారం ఆయన నోటుబుక్కు తెరవలేదు. ఫోనే చెబుతోంది, ఇంక నాకేం పని అన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వారం తిరిగేసరికి తన చేతిరాత తనే పోల్చుకోలేక తడుముకున్నారు. నాకు అందించడానికి ఆ పుస్తకం చదివినంతకాలమే ఆయనకి తన రోజు గుర్తుండేది. నాకు మాత్ర చెప్పాకే తన మాత్ర వేసుకునేవారు. అందుకని ఆయన యాపు తెరిచిన ప్రతిరోజూ సాయంత్రం, ఆయన ముఖం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆపేశాను. నాలుగంకాల నాటకాలు కంఠతా పట్టినదాన్ని, నాలుగు గదుల దారి ఒక లెక్కా? ఫోను "నిజంగా ఆపాలా?" అని అడిగిన ప్రతిసారీ నాకు సమాధానం చెప్పాలనిపించేది. అక్కడ కారణం చెప్పే చోటు లేదు, "అవును" నొక్కేదాన్ని.

అలా మరో పదినెలలు ఆయన ఉద్యోగం నిలబెట్టాను. అంతకన్నా నావల్ల కాలేదు తల్లీ. నీకు ఆఖరి ఉత్తరం రాసిన వారానికి నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "ఇది ఎవరిదో, యజమానికి ఇచ్చెయ్యండి" అన్నారు. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుంటారు. నన్ను మర్యాదగా రాణీగారూ అంటారు, కొత్తగా కంపెనీలో చేరినవాళ్లు అన్నట్టు. ఏడుపు ఆపుకోవడం నా వృత్తిలో భాగమే గానీ, ఒక్కోసారి ఆపుకోలేకపోతున్నాను.

నిన్న నువ్వు రాసిన ముక్క గోడ మీద చూశాను. పచ్చ గంట మీద వేలు పెట్టి తెరిచాను. సాయంత్రం ఏడూ పదికి చెయ్యి అలవాటుగా ఫోను మీదికి వెళ్లింది, వెనక్కి తీసుకున్నాను. ఈ పొద్దున్న ఫోను ఆన్ చేశాను. నువ్వు రాసిన వరస పైన వచ్చింది. ప్రాంప్టరు గారు పనిలో ఉన్నారు. పాలు పెట్టి నిలబడ్డాను. ఆరున్నరకి వచ్చింది ఆయన గొంతు, గుసగుసగా, రెండు మాటలు.

కిటికీ దగ్గర ఆయన తల ఎత్తారు. ఎన్నాళ్లకో కళ్లలో వెలుగు చూశాను. "లోపల ఎవరండీ?" అన్నారు. "మంచి ప్రాంప్టరు. రెండు మాటల దగ్గర ఆపాడు, చూశారా? మూడోది మీకు వదిలేశాడు. పనితనం తెలిసినవాడు" అన్నారు. ముందుకు వంగి, ఎవరూ వినకూడదన్నట్టు అడిగారు. "ఆయనకి కుర్చీ వేశారా?"

వేశాను. ఫోనున్న బల్ల పక్కనే వేశాను. దానిమీద ఎవర్నీ కూర్చోనివ్వను. అది చూశాకే ఆయన మనసు కుదుటపడింది.

యాపుని ఇంక ఆపనమ్మా. నీ పనిలో లోపమేమీ లేదని మీ యజమానికి ఈ ఉత్తరం చూపించి, తరవాత నీ దగ్గరే ఉంచుకో.

ఇట్లు,
రాణీగారు

తా.క.: ఇది రాస్తుంటే మాడు వాసన వచ్చింది. పొద్దున్న పాలు పొంగిపోయి గిన్నె మాడిపోయింది, ఇప్పుడే చూశాను. మాట సరిగ్గా వేళకే అందింది. నేనే ఆయన్ని చూస్తూ మర్చిపోయాను.